ఆకసము ఎఱ్ఱబడిన దినము

మనలో పెద్దవారు తమ చిన్ననాటి సంగతులు చెప్పునపుడు సంవత్సరముల లెక్క చెప్పరు. "పెద్ద గాలివాన వచ్చిన ఏడు" అందురు, "చెఱువుకట్ట తెగిన ఏడు" అందురు. నాకును అట్టి గుఱుతు ఒకటి కలదు. అది 2020వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేది, బుధవారము. ఆనాడు నేను మన దేశమున లేను. అమెరికాలో పడమటి సముద్రపుటొడ్డున నున్న శాన్ ఫ్రాన్సిస్కో నగరమున నా కుమారుని యింట నుంటిని. ఆ దినమున ఆ నగరములో తెల్లవాఱలేదు. ఈ మాటకు పంచాంగము ఒప్పుకొనదు గాని, ఆ యూరివారి నెవరి నడిగినను ఇట్లే చెప్పుదురు.

నేను మార్కాపురము ప్రాంతపువాడను. ముప్పదియేండ్లు తెలుగు పండితుడుగా పనిచేసి విరమించితిని. నల్లమల కొండలు మా పొలములకు పడమటి దిక్కున గోడకట్టినట్లుండును. ఎండకాలపు రాత్రులలో మిద్దెలమీద పండుకొని, కొండవాలున ప్రాకుచున్న కార్చిచ్చును బంగారు నగవలె చూచుచు నిద్రపోయిన బాల్యము నాది. అది పశువుల కాపరులు క్రొత్త పచ్చికకై పెట్టిన నిప్పో, తునికాకు చిగిర్చుటకై ఎవరైన అంటించినదో, వెదుళ్ల ఒరిపిడివలన పుట్టినదో యని పెద్దలు వాదించుకొనెడివారు. ఆ నిప్పు మా యూరికెన్నడును దిగిరాలేదు. కాబట్టి కార్చిచ్చనగా నాకు చూడముచ్చటైన వస్తువే గాని భయపడవలసిన వస్తువు కాదు. నా తెలివి ఎంతటిదో మీరు ఎఱుగుటకై ఈ సంగతి ముందుగా చెప్పుచున్నాను.

నేనును నా భార్యయు 2020 జనవరిలో ఆ దేశమునకు పోతిమి. ఆఱు నెలలుండి రావలెనని తలంపు. మార్చి నెలలో కరోనా వ్యాధి వ్యాపించి రాకపోకలు నిలిచిపోయినవి. మేము అక్కడనే చిక్కుకొంటిమి. నా భార్యకు చిన్ననాటినుండి ఉబ్బసము కలదు. ఆ వ్యాధి వచ్చిన ఊపిరితిత్తులు కలవారికే ఎక్కువ ప్రమాదమని అందఱును చెప్పుచుండగా, ఆమెను గడపదాటనీయకుండ మా అబ్బాయి కాపాడుచుండెను. వారి యిల్లు సన్‌సెట్ అను పేటలో నున్నది. ఆ పేరునకు అర్థము సూర్యాస్తమయము. సముద్రమునకు దగ్గఱగుటచే ఎండకాలమునగూడ ఉదయముననే మంచు క్రమ్ముకొని, మధ్యాహ్నమునకు గాని విడిపోదు.

ఆగస్టు 16వ తేది తెల్లవాఱుజామున ఉఱుములు వినబడినవి. ఆ ప్రాంతమున ఎండకాలములో ఉఱుమొకటి వినబడుటయే వింత. నా భార్య లేచి కూర్చుండి, "వాన వస్తుందండీ, మన ఊరి వాసన వస్తుంది," అని సంతోషించినది. కిటికీకడ నిలిచి చాలసేపు చూచితిమి. మెఱుపులు దిక్కులు చీల్చుచున్నవి గాని చినుకు పడలేదు. పడిన చినుకులును ఆ వేడిగాలిలో నేల చేరకమునుపే ఆవిరియైపోయినవట. దీనిని వారు ఎండుపిడుగు లందురు. నాలుగైదు దినములలో ఉత్తర కాలిఫోర్నియామీద సుమాఱు 12,000 పిడుగులు పడినవని లెక్కవేసిరి. వానివలన ఆఱువందలకు పైగా అగ్నులు పుట్టినవి. మేము వానకై ఎదురుచూచిన ఆ మబ్బే అడవులకు కొఱవి పెట్టి పోయినదని మాకు తరువాత తెలిసినది.

అక్కడి ఎండకాలము మన ఎండకాలమువంటిది కాదు. మనకు ఎండల వెనుక తొలకరి వచ్చును. వారికి వానలన్నియు చలికాలముననే. మే మొదలు అక్టోబరు వఱకు ఆకసము పొడిగానే యుండును. ఆ యేడు ఎండలు మఱియు మీఱినవి. సెప్టెంబరు 6వ తేదిని లాస్ ఏంజిలిస్ చెంత నొకచోట వేడిమి 121 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా 49 సెంటిగ్రేడు డిగ్రీలు దాటినది. 8వ తేది రాత్రి ఈశాన్యమునుండి పొడిగాలులు విసరినవి. అంతవఱకు కుంపటిలో నివురుగప్పినట్లున్న నిప్పులు ఆ గాలికి లేచినవి. నగరమునకు నూఱుమైళ్లకు పైగా దూరమున కొండలలోనున్న బెర్రీ క్రీక్ అను చిన్న యూరు ఆ గాలికి దాదాపు పూర్తిగా కాలిపోయినది. ఆ ఒక్క అగ్నివలన 16 మంది మరణించిరి. మేము వింతగా చూచిన ఆ మఱునాటి యెఱుపు వారి యిండ్ల పొగయే. ఈ సంగతి తలచినపుడెల్ల నాకు ఆ రంగును వర్ణించుటకు నోరు రాదు. అయినను చెప్పెదనని యొప్పుకొంటిని గావున చెప్పుచున్నాను.

అలవాటు ప్రకారము అయిదుగంటలకు లేచితిని. స్నానముచేసి సంధ్య వార్చుటకు కూర్చుండి వెలుతురుకై చూచుచుంటిని. గడియారము ఏడు చూపినది. కిటికీకి అవతల నల్లగా నున్నది. గడియారము చెడినదనుకొంటిని. లోపలినుండి నా భార్య, "ఏమండీ, ఇంకా తెల్లవారలేదా?" అని యడిగినది. వంటయింటి గడియారమును చూచితిని. అదియు ఏడే. ఎనిమిది గంటలకు తూర్పున ఒక కాంతి కనబడినది. అది ఉదయకాంతివలె లేదు. కంచరి కొలిమిలో కాగిన రాగిరేకునుండి వచ్చు వెలుగువలె నుండెను. రాను రాను తెలుపెక్కవలసిన వెలుగు ముదిరి, తొమ్మిదింటికి నారింజయై, పదింటికి చిక్కని కుంకుమయైనది. ఇంటి గోడలు, బల్లమీది పాలగిన్నె, నా భార్య తలవెండ్రుకలు, అన్నియు ఒకటే రంగు. సూర్యుడెచ్చట నున్నాడో జాడలేదు. అర్ఘ్యమెవరికి ఇచ్చుచున్నానో తెలియకయే ఇచ్చితిని.

వీధిలోనికి పోయి చూచితిని. వీధి దీపములు వెలుగుచుండెను. కార్లు దీపములు వేసికొని మెల్లగా పోవుచుండెను. పక్షి కూత వినబడలేదు. నిలిపియున్న కార్లమీద విభూతివంటి బూడిద సన్నగా రాలియుండెను. వ్రేలితో ముట్టి చూచితిని, చల్లగా నున్నది. గాలియు చల్లగానే యున్నది. ఎండ నేల చేరకపోవుటచే ఆనాడు వేడిమి పెరుగనే లేదు. నిప్పురంగు ఆకసము క్రింద చలికి శాలువ కప్పుకొని నిలుచుట యెట్టి అనుభవమో మాటలతో చెప్పలేను. పొరుగింటి చీనా ముదుసలి తన వాకిట నిలుచుండి నావంక చూచెను. మా యిరువురకు ఒకరి భాష యొకరికి రాదు. ఆయన చేయి పైకెత్తి ఆకసము చూపెను. నేను తల యూపితిని. ఆయన లోపలికి పోయి తలుపు వేసికొనెను. ఆ నగరమునకు పేరు తెచ్చిన గోల్డెన్ గేట్ వంతెన, ఎఱుపు కలిసిన నారింజరంగు పూసినది, ఆనాడు ఆకసములో కలిసిపోయి ఆనవాలు దొరకలేదని మా అబ్బాయి చిత్రములలో చూపెను.

చిత్రముల మాట వచ్చినది గనుక ఒక చిన్న సంగతి. నా మనుమరాలు ఫోనుతో ఆకసమును చిత్రము తీసినది. చిత్రములో ఆకసము మబ్బుపట్టినట్లు బూడిదరంగుగా పడినది! మఱల తీసినను అంతే. వస్తువులకు సహజమైన రంగు చూపుటకై ఆ యంత్రములలో దిద్దుబాటు అమర్చియుందురట. లోకము ఇంత యెఱ్ఱగా నుండదని యంత్రము తలపోసి, తనంత తానే దిద్ది చూపినది. నేను ముప్పదియేండ్లు పిల్లల వ్యాసములు దిద్దినవాడను. ఇట్టి దిద్దుబాటును ఎన్నడును చూడలేదు.

ఆ పిల్లకు ఎనిమిదేండ్లు. బడులు మూయబడుటచే కంప్యూటరుముందు కూర్చుండి పాఠములు వినుచుండెను. ఆనాడు తెఱమీది పిల్లలందఱి వెనుక కిటికీలు ఎఱ్ఱగా నుండెను. పాఠము ముగిసినపిమ్మట వచ్చి, "తాతయ్యా, సూర్యుడికి ఏమైంది?" అని యడిగినది. నేను ఉత్సాహముతో ఖాండవదహనము కథ మొదలుపెట్టితిని. అగ్నిదేవుని అజీర్తి వఱకు వచ్చునప్పటికి, "అది కథ తాతయ్యా. ఇది ఎందుకు ఎర్రగా ఉంది?" అనినది. నాకు సమాధానము తెలియదు. ప్రశ్నలు వేయుటయే వృత్తిగా గలవానికి, జవాబు తెలియక పిల్లయెదుట కూర్చుండుట కష్టము.

జవాబు మా అబ్బాయి చెప్పెను. ఒక గాజుగ్లాసులో నీరుపోసి, రెండు మూడు పాలచుక్కలు వేసి కలిపి, ఒక ప్రక్కనుండి టార్చిలైటు వేసెను. పగలు పదునొకండు గంటలకు ఆ యాటకు కావలసిన చీకటి ఇంటిలో ఉండనే యుండెను. ప్రక్కనుండి చూచిన నీరు కొంచెము నీలిగా కనబడినది. దీపమునకు ఎదురుగా నిలిచి చూచిన, దీపము పసుపుగా కనబడినది. ఇంకొన్ని చుక్కలు వేయగా నారింజయైనది. సూర్యుని తెల్లని వెలుగులో అన్ని రంగులును కలవు. సన్నని కణములు నీలిరంగును ప్రక్కలకు చెదరగొట్టును. పసుపు, నారింజ, ఎఱుపు రంగులు మాత్రము వానిని దాటుకొని వచ్చును. సాయంకాలమున సూర్యుడు ఎఱ్ఱబడుటయు ఇట్లే. ఆనాడు పొగ మందముగా అనేక వేల అడుగుల ఎత్తువఱకు పేరుకొనియుండుటచే నడిపగలే సాయంకాలమై, అంతకంటె ముదిరినది. ఆ యగ్నుల పొగ ఎంత యెత్తు పోవుననగా, సెప్టెంబరు 5వ తేదిని సియెరా పర్వతములలోని క్రీక్ అగ్నినుండి లేచిన మేఘము సుమాఱు 50,000 అడుగులు పోయెను. అది విమానములు పోవు మార్గమునకంటెను ఎత్తు.

అటుపిమ్మట మా అబ్బాయి ఇంకొక మాట చెప్పెను. ఆ మాటను నేను సరిగా వినియుండిన, మీకు ఈనాడు ఈ ప్రసంగము వేఱొక తీరున చెప్పియుందును. "నాన్నగారూ, పొగంతా పైన ఉంది. కింద సముద్రపు మంచు ఉంది. మనం పీల్చే గాలి ఇవాళ మరీ అంత చెడ్డది కాదు," అనెను. అనగా ఇంటికి అటక యున్నట్లు నగరముమీద పొగ అటక వేసియున్నది. అటక క్రింద సముద్రమునుండి వచ్చిన చల్లని మంచుగాలి పొర యుండి, పొగను నేలకు దిగకుండ ఆపుచున్నది. నేను నమ్మలేదు. ఇంతటి ఉత్పాతము కన్నులయెదుట కనబడుచుండగా గాలి మంచిదనుట ఎట్లు? తడిబట్టలు తెచ్చి కిటికీ సందులలో దోపితిని. నా భార్యను నడిమి గదిలో కూర్చుండబెట్టి తలుపు వేసితిని. ఆమె నవ్వి, "నన్ను ధాన్యంలాగా గాదెలో పోశారే," అనినది. ఆనాడు ఆమెకు దగ్గు కూడ రాలేదు.

లోకమున ఇట్టి దినములు ఇంతకుమున్ను కలుగకపోలేదు. అదే అమెరికాలో తూర్పు తీరమున 1780 మే 19వ తేదిని నడిపగలు చీకటి క్రమ్మినది. ప్రళయము వచ్చినదని జనులు గుళ్లకు పరుగెత్తిరి. కనెక్టికట్ సీమలో పాలకుల సభ జరుగుచుండగా, సభ చాలించి ఇండ్లకు పోదమని కొందఱనిరి. డావెన్‌పోర్ట్ అను సభ్యుడు, ఇది ప్రళయము కాకున్న సభ మాననేల, ప్రళయమే యైన నా పనిలో నేనుండగా అది నన్ను చూడనిండు, దీపములు తెప్పింపుడు, అను భావమున పలికెనట. అదియు దూరపు అడవుల పొగయేనని చెట్లలోని కాలిన వలయములను పరిశీలించి ఈ కాలపు శాస్త్రజ్ఞులు తేల్చిరి. మన చెన్నపట్టణమునకును ఒక వింతకాలము కలదు. 1883 ఆగస్టులో క్రకటోవా అగ్నిపర్వతము బ్రద్దలైన తరువాత, సెప్టెంబరులో కొన్ని దినములు అక్కడ సూర్యుడు ఆకుపచ్చగా కనబడెను. ఆ యెఱుపు అడవి పొగవలన, ఈ పచ్చదనము కొండ ధూళివలన. సూర్యుడు మాత్రము ఎప్పటివాడే.

నా కథకు వత్తును. మఱునాడు గురువారము ఎఱుపు పోయినది. శుక్రవారము ఉదయమునకు ఆకసము తెల్లగా, పలుచని మబ్బు పట్టినట్లుండెను. నా మనసు తేలికపడినది. మూడు దినములనుండి మూసియుంచిన గది ఉక్కగా నుండెను. మా అబ్బాయి తన గదిలో పనిలో మునిగియుండెను. నేను తడిబట్టలు తీసివేసి, నడిమి గది కిటికీలు తెఱచితిని. "ఆకాశం బాగుపడింది, కాస్త గాలి పీల్చుకో," అని నా భార్యతో అంటిని. నా మాట విని ఆమె కిటికీయొద్ద కుర్చీ వేసికొని చిక్కుడుకాయలు గిల్లుచు రెండు గంటలసేపు కూర్చుండినది.

పైనున్న పొగ ఆ రెండు దినములలో నేలకు దిగినది. అటక కూలి ఇంటిలో పడినట్లయినది. ఎఱుపు పోయినది పొగ పోవుటచే కాదు, పొగ క్రిందికి వచ్చుటచే. ఆ దేశమున గాలి చెడుగును కొలిచి అంకెగా ప్రకటింతురు. 50 లోపల నుండిన మంచిది, 150 దాటిన అందఱికిని హాని. ఎఱ్ఱని బుధవారము కంటె తెల్లని శుక్రవారము ఆ యంకె ఎంతో యెక్కువగా నుండి 150 దాటినది. అందులోని కణములు తలవెండ్రుక మందములో ముప్పదవ వంతు కూడ నుండవు. ముక్కులోని వెండ్రుకలును గొంతులోని తేమయు వానిని ఆపలేవు. అవి నేరుగా ఊపిరితిత్తుల అడుగువఱకు పోవును.

ఆ రాత్రి ఒంటిగంటకు నా భార్య లేచి కూర్చుండినది. ఇన్‌హేలరు నాలుగుమాఱులు పీల్చినను ఊపిరి ఆడలేదు. ఆమె రొమ్ములో పిల్లనగ్రోవి ఊదినట్లు చప్పుడు. పెదవులు నల్లబడుచుండెను. మా అబ్బాయి ఆమెను కారులో ఆసుపత్రికి చేర్చెను. కరోనా నిబంధనలచే రోగిని తప్ప ఎవరిని లోపలికి రానీయలేదు. ఆమెకు ఇంగ్లీషు రాదు. చక్రాల కుర్చీలో ఆమెను తీసికొనిపోవుచుండగా వెనుకకు తిరిగి నావంక చూచినది. తలుపు మూసికొనినది. తెల్లవాఱువఱకు నేనును అబ్బాయియు కారులో కూర్చుంటిమి. అబ్బాయి నన్ను ఒక్క మాటయు అనలేదు. కిటికీ నేను తెఱచితినని నేనే చెప్పితిని. "తెలుసు నాన్నగారూ," అని మాత్రము అనెను. ఆమె మఱునాటి సాయంకాలమునకు కోలుకొని ఇల్లు చేరినది. కారు ఎక్కుచు, "లోపల గాలి ఎంత బాగుందండీ," అనినది. ఆగస్టు 18 మొదలు సెప్టెంబరు 16 వఱకు వరుసగా 30 దినములు గాలి చెడినదని ఆ ప్రాంతమువారికి హెచ్చరికలు వచ్చినవి. ఆ ముప్పదిలో నేను భయపడినది ఒక్క దినము, అదియు తప్పుదినము.

ఇన్ని యగ్నులు ఏల పుట్టినవని తరువాత విచారించి కొంత తెలిసికొంటిని. ఎండలు ఏటేట పెరుగుచుండుట ఒక కారణము. ఇంకొక కారణము విని మా కొండలు జ్ఞప్తికి వచ్చినవి. ఉత్తర కాలిఫోర్నియాలో కారుక్, యూరోక్ అను ఆదిజనులు కలరు. వారు తరతరములుగా తగిన ఋతువున అడవిలో చిన్నచిన్న నిప్పులు పెట్టి, క్రింది యాకులను ఎండుపుల్లలను కాల్చెడివారు. బుట్టలల్లుటకు లేతకొమ్మలు వచ్చుటకును, తినుటకు సింధూరపు గింజలు సులువుగా దొరకుటకును అది వారి పద్ధతి. 1850లో కాలిఫోర్నియా ప్రభుత్వము చేసిన శాసనము వారు బయళ్లకు నిప్పు పెట్టుటను నేరముచేసెను. పిమ్మట 1935లో అమెరికా అడవిశాఖ, ఎక్కడ నిప్పు కనబడినను మఱునాటి ఉదయము పదిగంటలలోపల అదుపుచేయవలెనని నియమము పెట్టెను. ఆ నియమము తరువాత విడిచిపెట్టిరి గాని, అప్పటికే అడవిలో యేండ్ల తరబడి ఎండుకట్టె పేరుకొనినది. చిన్ననిప్పుల నన్నిటిని ఆర్పి పెద్దనిప్పునకు వంటచెఱకు దాచిపెట్టినట్లయినది. ఆ యేడు పిడుగుల నిప్పులు ముప్పదికి పైగా ఒకటిగా కలిసిన ఆగస్టు కాంప్లెక్స్ అను అగ్ని ఒక్కటియే పది లక్షల ఎకరములు దాటి కాల్చినది. రాష్ట్రమంతటను 42 లక్షల ఎకరములకు తక్కువ గాకుండ, అనగా ఆ రాష్ట్రపు భూమిలో ఇంచుమించు ఇరువదియైదవ వంతు కాలినది. ఇప్పుడు కారుక్ పెద్దలను పిలిచి, నిప్పు పెట్టు విధము నేర్పుడని అధికారులు అడుగుచున్నారు. శాసనము తెలిసినవారికి ఆ నేర్పు తెలియదు, తెలిసినవారిని నేరగాండ్రను చేసిరి. మన చెంచులు అడవిని గుఱించి చెప్పు మాటలను నేనును ఒకప్పుడు నవ్వుచు వినినవాడనే.

మేము 2021లో ఊరు చేరితిమి. మాఘ ఫాల్గుణములలో మా యూర కందికట్టె, పత్తికట్టె చేలలోనే పోగువేసి అంటింతురు. పొగ ఊరిమీదికి వచ్చును. నా భార్య తలుపులు వేసికొనును. "అమెరికా పోయొచ్చినాక వదినకు మన పొగ గిట్టడం లేదు," అని మా తమ్ముని వరుసవారు నవ్వుచుందురు. నేను నవ్వను గాని, వారితో వాదింపను కూడ. కొందఱితో మాత్రము ఈ కథ చెప్పితిని. వారిలో ఇద్దఱు తమ కట్టెను ఇప్పుడు పొయ్యికై ఇంటికి తోలుకొనుచున్నారు.

గడచిన వేసవిలో ఒక రాత్రి నల్లమలమీద మఱల నిప్పు కనబడినది. మిద్దెలమీది పిల్లలు కేకలువేసి నన్ను పిలిచిరి. నేను మిద్దె యెక్కి చూచితిని. చిన్ననాటి వలెనే యుండెను. క్రిందనుండి నా భార్య, "గాలి ఎటు వీస్తోందండీ?" అని యడిగినది. చింతచెట్టు ఆకులవంక చూచితిని. ఊరినుండి కొండవైపు వీచుచున్నది. ఆ మాట చెప్పితిని. ఆమె తలుపు తెఱచి, చాప తీసికొని పైకి వచ్చినది.